ఎవరినీ ఎరగని ఉక్కు

వదిన సుచరిత చేతి తొడుగులు విప్పుకుంటూ షెడ్డు బయటికి నడిచాక, హైమ వెళ్ళి ఆమె లేచిన సీట్లో కూర్చునేది. విమానం స్టిక్ పట్టుకుని ముందుకూ వెనక్కూ, కుడికీ ఎడమకీ ఆడించి చూసేది. జాయింట్లు సరిగా ఉన్నాయో లేదో చూడడం ఆమె పని, కాబట్టి ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు.

స్టిక్ వెచ్చగా ఉండేది.

ఆ వెచ్చదనం వదినదని హైమ అనుకునేది. వదిన చెయ్యి ఇంతసేపూ ఇక్కడ ఉంది, లోహం ఆ చేతిని ఎరిగింది, ఇంకా తలుచుకుంటోంది అనుకునేది. అనుకున్నకొద్దీ గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఉండేది. అయినా చెయ్యి తీసేది కాదు.

విమానం ఇంకా ఒక్కసారి కూడా ఎగరలేదు. పూడ్చేసిన రొయ్యల చెరువుల పక్కన, ఒకప్పుడు మేత బస్తాలు పెట్టుకున్న షెడ్డులో చెక్క దిమ్మెల మీద నిలబడి ఉంది. ఫోమ్‌ను వేడి తీగతో కోసి, దానిమీద కార్బన్ గుడ్డ పరిచి, రెసిన్ జిగురు పట్టించి, అన్నాచెల్లెళ్ళిద్దరూ సొంతంగా కట్టుకున్న రెండు సీట్ల విమానం. అన్న మాల్యాద్రి లోహాల మీద పెద్ద చదువు చదివి, ఉద్యోగం మానేసి, సింగరాయకొండ దగ్గరి ఈ ఊరికి వచ్చేశాడు. హైమ ఒంగోలులో పాలిటెక్నిక్ చదివింది. విమానం ఒళ్ళంతా మాల్యాద్రి చూసుకున్నాడు. స్టిక్ నుంచి రెక్కల దాకా, తోక దాకా పోయే గొట్టాలు, కడ్డీలు, మూలల్లో కదలికను మలుపు తిప్పే మూడు మూలల బెల్ క్రాంకులు, వాటిలో ఇరుసులు తిరిగే బుష్‌లు, ఇవన్నీ హైమ చేతి పని. దేనికి ఏ లోహం వాడాలో ఎంచింది కూడా ఆమే.

ఎంపిక తేలిక కాదు. అల్యూమినియం తేలిగ్గా ఉంటుంది కానీ కార్బన్‌కి తగిలిందంటే, ఈ సముద్రపు గాలికి, తెల్లటి పొడిగా రాలిపోతుంది. అందుకని రెండింటి మధ్యా గ్లాస్ గుడ్డ పొర ఒకటి వెయ్యాలి. ఆ పొర వేస్తుంటే తల్లి ఆదెమ్మ మజ్జిగ చెంబుతో వచ్చి అడిగింది.

"ఆ గుడ్డెందుకే మధ్యలో?"

"తగిలితే ఒకటి రెండోదాన్ని తినేసిద్దమ్మా."

ఆదెమ్మ కొడుకు వైపు తిరిగింది. "అయితే అట్టాంటి గుడ్డ ఒకటి మనింట్లో కూడా ఎయ్యరా. వంటింటికీ వసారాకీ మధ్య."

మాల్యాద్రి నవ్వాడు. సుచరిత కూడా నవ్వింది. హైమ తల వంచుకుని రెసిన్ పూస్తూనే ఉంది.

నాలుగేళ్ళ క్రితం, ఫోమ్ మొదటి ముక్క కోసిన రోజున, మాల్యాద్రి చెల్లెలితో అన్నాడు, "మొదట ఎక్కేది నువ్వే." ఆ మాట మీదే హైమ ఈ నాలుగేళ్ళూ పని చేస్తూ వచ్చింది. మధ్యలో, మొదటిసారి ఎగరెయ్యడం ఎలాగో కనుక్కుని వస్తానని అతను హైదరాబాదు వెళ్ళాడు. అక్కడ విమానం నడపడం నేర్పే సుచరిత అనే హన్మకొండ అమ్మాయి పరిచయమైంది. ఏడాది తిరిగేసరికి ఆమె హైమకి వదిన అయింది. "ప్రాణాల మీద పని గదా హైమా, లైసెన్సు ఉన్నోళ్ళే ఎక్కాలి," అన్నాడు మాల్యాద్రి. నిజమే. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. తప్పు పట్టడానికి ఏదైనా ఉంటే బాగుండేది.

సుచరితలో కూడా తప్పు పట్టడానికి ఏమీ ఉండేది కాదు. తిన్న కంచం తానే కడుక్కునేది. ఆదెమ్మ ఆమె కోసం రొయ్యల వేపుడులో కారం తగ్గించడం మొదలుపెడితే, వద్దని తానే చెప్పింది. అయినా ఆదెమ్మ తగ్గించింది. ఇరవై ఆరేళ్ళుగా హైమ ఆ కారానికి ముక్కు తుడుచుకుంటూ తిన్నది, ఎవరూ తగ్గించలేదు. విమానం ముక్కు మీద రాయడానికి పేరు అట్టముక్కలో కత్తిరించమని మాల్యాద్రి అడిగితే, "ఏం పేరు?" అని అడిగింది హైమ. "సుచరిత," అన్నాడతను. హైమ ఒక్కో అక్షరం గుండ్రంగా, నీటుగా కత్తిరించింది. అంత నీటుగా ఆమె ఏదీ కత్తిరించలేదు.

ఇక స్టిక్‌కీ, గొట్టాలకీ వాడిన లోహం సంగతి. దాన్ని తయారుచేసింది మాల్యాద్రి, పెట్టిన పేరు ఆనవాలు. అది ఏం చేస్తుందో ఇంట్లో అందరికీ తెలిసింది పెరట్లోని చేతిపంపు వల్ల.

మోటారు నీళ్ళు ఉప్పన. చేతిపంపులో మాత్రం మంచినీళ్ళు పడతాయి. ఆ పంపు ఆదెమ్మది. తను తప్ప ఎవరూ దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. దాని పిన్ను ఊరికే అరిగిపోతుంటే, మాల్యాద్రి కొత్త లోహంతో ఒకటి చేసి బిగించాడు. ఆదెమ్మ నీళ్ళు కొట్టింది. కొన్నాళ్ళకి, "ఒరే, కొడతా ఉంటే ఇది ఎచ్చబడతందిరా, ఒళ్ళు కాలినట్టు," అంది. మాల్యాద్రి పిన్ను ఊడదీసి చూశాడు. ఏడాది వాడిన పిన్ను కొత్తదానిలా ఉంది.

"ఏ లోహమైనా ఊగీ ఊగీ అలిసిపోద్దమ్మా," అని చెప్పాడతను. "లోపల ఎంట్రుక లాంటి బీటలు పడతయ్. అయి పెరిగి ఒకరోజు ఠక్కుమంటది. ఇది తన బీటలు తనే పూడ్చుకుంటది. పూడ్చుకునేప్పుడే ఆ ఎచ్చ. కాకపోతే అలవాటైన చెయ్యి కావాల. నీ ఊపు దీనికి తెలుసు."

"నాకు తెలవదా నా పంపు సంగతి," అంది ఆదెమ్మ.

తర్వాత ఆమె కందుకూరులో చెల్లెలింటికి వెళ్ళినప్పుడు, పక్కింటి నాగరత్నం బిందె తెచ్చి పెట్టుకుని, ఎవరూ చూడడం లేదు కదా అని పంపు కొట్టింది. బిందె సగం నిండేలోపే పిన్ను విరిగింది. పంపు చెయ్యి పైకి లేచి ఆమె నోటికి తగిలింది. ముందు పళ్ళు రెండు పోయాయి. విరిగిన పిన్నును మాల్యాద్రి భూతద్దం కింద పెట్టి చూశాడు. కొత్త చెయ్యి పడేసరికి, పూడ్చుకున్న బీటలన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి.

"పంపుకు పనికిరాదు," అన్నాడు చివరికి. "విమానానికి పనికొస్తది. ఒక విమానం, ఒక చెయ్యి."

హైమ అప్పటికే క్రోమోలీ ఉక్కు గొట్టాలు ఎంచి తెప్పించి పెట్టింది. బరువు కాస్త ఎక్కువైనా, ఎంత అలిసినా తొందరగా విరగని ఉక్కు. "క్రోమోలీ చాలన్నా," అంది మొదట. తర్వాత ఆలోచించింది. ఒక విమానం, ఒక చెయ్యి. అప్పటికి సుచరిత ఇంకా రాలేదు. ఆ చెయ్యి తనదే అనుకుంది. "సరేలే, నీ లోహమే వాడదాం," అంది. క్రోమోలీ గొట్టాలకు నూనె పూసి, గోనెపట్టాలో చుట్టి, షెడ్డు మూల పెట్టింది.

మొదటి ఎగురుడు మరుసటి ఆదివారం అనుకున్నారు. మాల్యాద్రి పాత గురువుగారు, ఇంకొందరు వచ్చి చూస్తామన్నారు. లోహానికి చెయ్యి అలవాటు కావడం కోసం సుచరిత రోజూ గంటసేపు సీట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని, ఆకాశంలో ఉన్నట్టే స్టిక్ ఆడించేది. నేలమీద రెక్కలకి గాలి బరువు ఉండదు కనుక ఇబ్బంది లేదు. ప్రధాన గొట్టానికి మాల్యాద్రి అతికించిన మీటర్ ఆ రోజు లోహం ఎంత వేడెక్కిందో పట్టి ఉంచేది. సాయంత్రం అతను వచ్చి మీటర్ చూసి, "చూశావా, లోహం మీ వదిన చేతిని పట్టేసింది," అనేవాడు. హైమ "ఊఁ" అనేది.

ఆ వారం మధ్యలో సుచరిత చెల్లెలి సీమంతానికని హన్మకొండ వెళ్ళింది. విమానానికి బరకం కప్పారు.

మర్నాడు పొద్దున హైమ బరకం తొలగించి సీట్లో కూర్చుంది. స్టిక్ ముట్టుకుంది. చల్లగా ఉంది. ఆమెకి తృప్తిగా అనిపించింది. నీ మనిషి లేదు కదా, ఇప్పుడేం చేస్తావు అన్నట్టు స్టిక్‌ని అటూ ఇటూ ఆడించింది.

అది వెచ్చబడింది.

హైమ చెయ్యి తీసేసింది. కాసేపు ఆగి మళ్ళీ పట్టుకుంది. చల్లారినది మళ్ళీ వెచ్చబడింది, పొదుగు కింద దూడ మూతి పెడితే పాలు చేపుకొచ్చినట్టు. మీటర్ వైపు చూసింది. అంకెలు పైకి వెళుతున్నాయి.

ఇది ఎలా జరిగిందో ఆమెకి వెంటనే తెలిసింది. వాళ్ళ నాన్న చెరువుల దగ్గర ఇంజన్లు బాగుచేసేవాడు. ఏ కొత్త జాయింటైనా బిగించేముందు ఒళ్ళో పెట్టుకుని, కాస్త గ్రైండింగ్ పేస్టూ కాస్త నూనే వేసి, బిగువు పోయేదాకా చేత్తో ఆడించేవాడు. దారికి తేవడం అనేవాడు. ఆయన పోయాక కూడా ఆ ఇంట్లో ఏ కీలూ, ఏ బుష్షూ దారికి తేకుండా బిగించలేదు. అన్నానికి ముందు చెయ్యి కడుక్కోవడం లాంటిది అది. చేశానని ఎవరూ చెప్పరు, చేశావా అని ఎవరూ అడగరు. లోహం మొదట ఎరిగే చెయ్యి పైలట్‌దే కావాలని మాల్యాద్రి పదిసార్లు చెప్పాడు. కానీ చెల్లెలు వసారాలో కూర్చుని రోజుల తరబడి ఆ కడ్డీలను దారికి తెస్తుంటే, పక్కనే కూర్చుని వేరుసెనక్కాయలు ఒలుచుకు తిన్నాడు. అది ముట్టుకోవడం కింద వస్తుందని ఇద్దరికీ తోచలేదు.

ఆ రోజుల్లో హైమ కూడా కళ్ళు మూసుకునే ఆడించింది. సరుగుడు తోటల మీదుగా, చెరువుల మీదుగా, సముద్రం అంచుదాకా వెళ్ళి వంగి తిరిగి వచ్చేది.

లోహం తనని ఎరిగింది. రోజూ మీటర్లో పడ్డ వేడి తనది. వదిన లేచాక తను వచ్చి కూర్చున్నప్పటిది. తొడుగుల చేతులకి ఏ వెచ్చా తెలియదు కనుక వదినకి అనుమానం కూడా రాలేదు.

హైమ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ రోజూ, మర్నాడూ వీలు చిక్కినప్పుడల్లా వెళ్ళి కూర్చుంది. అన్న విమానం ఎక్కిస్తున్నది వదినని, అమ్మ కారం తగ్గించింది వదినకి, ముక్కు మీద పేరు వదినది. ఇదొక్కటీ మాత్రం నాది అనుకుంది. అంత సంతోషం ఆమెకి ఎప్పుడూ కలగలేదు. ఆదివారం గుర్తొచ్చినప్పుడల్లా పక్కకి నెట్టింది. చెబుదాంలే, ఇంకా టైముంది అనుకుంది. కాసేపు ఏమీ అనుకోకుండా కూర్చుంది. ఆ కాసేపట్లో తన మనసులోకి ఏం వచ్చి వెళ్ళిందో ఆమె తరచి చూసుకోలేదు.

శుక్రవారం సుచరిత తిరిగి వచ్చింది. సీమంతం గాజులు, చలిమిడి తెచ్చింది. చలిమిడి పంచిపెడుతుంటే నాగరత్నం వచ్చింది. ఆదెమ్మ ఏదో అంటే నాగరత్నం నవ్వబోయి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముప్పయ్యేళ్ళుగా ఊరంతా వినేలా నవ్విన మనిషి, ఇప్పుడు ఎప్పుడు నవ్వినా చెంగు వెతుక్కుంటుంది.

"గాజులు ఏసుకోవే హైమా," అంది సుచరిత. "నీ కొలత ఎర్కలేక నా చేతికి పెట్టి కొన్న. ఇద్దరికి ఒక్కటే చెయ్యి ఉన్నట్టుంది."

గాజులు సరిపోయాయి. హైమ వాటి వంక చూస్తూ నిలబడింది. తర్వాత, "అన్నా, ఒకసారి షెడ్డుకి రా. వదినా, నువ్వు కూడా," అంది.

ఎండ చురుక్కుమంటోంది. షెడ్డులో విమానం పక్కన నిలబడి హైమ చెప్పింది. రెండు ముక్కల్లో చెప్పింది. చెప్పేటప్పుడు తన గొంతు తనకే దొంగ గొంతులా వినిపించింది.

సుచరిత స్టిక్ వైపు చూసింది, మీటర్ వైపు చూసింది.

"నేను ఎక్కుడు నీకు ఇష్టం లేదని నాకు తెల్సు హైమా," అంది చివరికి. "మొదటి దినం నుంచి తెల్సు. నువ్వు మంచిదానివి, నోరు తెరిచి అనవు. కానీ రెండు దినాలున్నదనంగ ఇట్ల చెప్తవనుకోలే."

"నేను చెప్పేది నిజం వదినా."

"మీటర్ల రోజు కనవడ్తలేదా? ఆయన చూస్తలేడా?"

"అది నువ్వు దిగినాక నేను..." హైమ ఆగిపోయింది. ఎందుకు కూర్చున్నావని అడిగితే ఏం చెప్పాలి?

మాల్యాద్రి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "దీనికి తగువెందుకు? తొడుగులు లేకుండా పట్టుకో సుచరితా."

సుచరిత ఎక్కి కూర్చుని, వట్టి చేత్తో స్టిక్ ఆడించింది. మీటర్ కదల్లేదు. ఇంకా ఆడించింది. ఆమె మెడమీద చెమట పట్టింది. ఆమె దిగాక హైమ ఎక్కింది. పట్టీ పట్టకముందే అంకెలు లేచాయి.

సుచరిత రెక్కకి ఆనుకుంది. ఆదివారం ఆమె ఆకాశంలో ఉండేది. పంపు పిన్ను విరిగినప్పుడు ఏమైందో అక్కడ అందరికీ తెలుసు.

మాల్యాద్రి ముఖంలో మాత్రం భయం లేదు. కళ్ళు మెరుస్తున్నాయి. "ఎన్నాళ్ళయింది నువ్వు దారికి తెచ్చి? ఏడాది దాటిందా? ఏడాదైనా మరిచిపోలా! హైమా, ఇది నేననుకున్నదానికంటే గట్టిది." అతను విమానం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "ఆదివారం వద్దు. వాళ్ళకి నేను ఫోన్ చేసి చెప్తా. ఒక్క ఏడాది ఆగుదాం. నువ్వు పోయి లైసెన్సు తెచ్చుకో. ఇది నీ విమానం. మొదట ఎక్కేది నువ్వేనని నేను అననే అన్నా గదా."

నాలుగేళ్ళుగా వినాలనుకున్న మాట. హైమ అన్న వైపు చూడలేదు. వదిన వైపు చూసింది.

సుచరిత విమానం ముక్కు మీది తన పేరు వంక చూస్తోంది. పెదవులు గట్టిగా బిగించుకుంది. నవ్వడానికి ప్రయత్నించింది, రాలేదు. ఆమె గొంతులో ఏదో అడ్డం పడిందని హైమకి తెలిసింది. ఆ అడ్డం ఎలా ఉంటుందో, ఎంత పరిమాణంలో ఉంటుందో, మింగబోతే ఎక్కడ ఆగుతుందో హైమకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. తన ముఖం ఇన్నాళ్ళూ ఇలా ఉండేదన్నమాట.

"నాకెవరు నేర్పుతారన్నా?" అంది హైమ.

"అదేం మాట? మీ వదిన నేర్పదా?"

"ఇందులోనేనా?"

"ఇందులోనే. రెండు స్టిక్కులున్నయ్ గదా."

"రెండు స్టిక్కులకీ ఒకటే గొట్టం. నేను తప్పు పడితే వదిన పక్క స్టిక్ పట్టుకుని సరిచెయ్యాల. అప్పుడు నీ లోహానికి ఏ చెయ్యి తెలుస్తది?"

మాల్యాద్రి రెండు సీట్ల మధ్యకి వంగి ఆ గొట్టం వంక చూశాడు.

"నాకు జొరమొస్తే? నా చెయ్యి బెణికితే? రేపు మీకొక పిల్ల పుట్టి నేర్చుకుంటానంటే? ఒకరిని ఎరిగిందంటే ఇంకొకరి ప్రాణం తీస్తది ఇది. దీంతో ఎవరూ ఎవరికీ ఏదీ నేర్పలేరన్నా."

"ఆరేళ్ళు, హైమా." మాల్యాద్రి గొంతు తగ్గింది. "ఆరేళ్ళ పని ఆ లోహం."

 హైమ షెడ్డు మూలకి వెళ్ళి గోనెపట్టా విప్పింది. నూనె పూసిన క్రోమోలీ గొట్టాలు తుప్పు పట్టకుండా అలాగే ఉన్నాయి. ఒకటి భుజాన వేసుకుని బల్ల దగ్గరికి తెచ్చింది. రెండో కొస బరువుకి కిందికి వాలుతుంటే, సుచరిత వచ్చి పట్టుకుంది.  మాల్యాద్రి బయటికి వెళ్ళిపోయాడు.

గొట్టాలు కోసి, వెల్డింగ్ పెట్టి, తుప్పు పట్టకుండా పూత వేసి బిగించేసరికి వానాకాలం వెళ్ళిపోయింది. మాల్యాద్రి చెల్లెలితో ముక్తసరిగా మాట్లాడేవాడు. ఊడదీసిన ఆనవాలు కడ్డీలను షెడ్డు గోడకి తగిలించాడు. అటువైపు పోయినప్పుడు హైమ చేతులు వెనక్కి పెట్టుకునేది. ఉక్కు జాయింట్లను మాత్రం ఎప్పటిలాగే ఒళ్ళో పెట్టుకుని దారికి తెచ్చింది. ఎంత ఆడించినా ఆ ఉక్కు ఆమెని పట్టించుకోలేదు. ఈసారి పక్కన సుచరిత కూడా కూర్చుంది.

"గట్ల కాదు, నెమ్మదిగ," అని హైమ ఆమెని వెక్కిరించింది.

"నా భాష నాకే అప్పజెప్తున్నవా," అంది సుచరిత.

మొదటిసారి విమానం లేచినప్పుడు సుచరిత ఒక్కతే ఉంది లోపల. హైమ గట్టుమీద నిలబడి చూసింది. తన గొట్టాలు, తన బుష్‌లు, తన బెల్ క్రాంకులు వదిన చేతిలో వంగి తిరుగుతున్నాయి, సరుగుడు తోటల మీద, సముద్రం అంచున, కళ్ళు మూసుకుని తను వెళ్ళిన దారినే. పాత కుళ్ళు లేచింది, ఏమీ తగ్గకుండా. దిగి వచ్చిన కోడలికి ఆదెమ్మ కొబ్బరికాయతో దిష్టి తీస్తుంటే ఇంకా లేచింది. మాల్యాద్రి వచ్చి చెల్లెలి పక్కన నిలబడ్డాడు. "బాగా చేశావే," అన్నాడు, ఎవరికో చెబుతున్నట్టు.

చలికాలంలో ఒక పొద్దున సుచరిత హైమని ఎడమ సీట్లో కూర్చోబెట్టింది. పైకి వెళ్ళాక, "పట్టుకో," అంది. "పీక పిసికినట్టు పట్టకు. కోడిపిల్లని పట్టినట్టు."

స్టిక్ మంచులా చల్లగా ఉంది. అది కొద్దిగా కుడికి జరిగింది, మళ్ళీ నిలబడింది. హైమ జరపలేదు. వదిన చెయ్యి. ఒకే గొట్టం మీద రెండో కొసన ఆమె చెయ్యి ఎంత నిదానంగా ఉందో, గాలి తోసినప్పుడు ఎంత ముందుగా కనిపెడుతుందో అరచేతికి తెలుస్తోంది. ఇన్నేళ్ళ పనిలో హైమ చేతికి రానిది అది. 

"ఇడిసిపెట్టిన. నీ చేతిలనే ఉంది," అంది సుచరిత.

"అబద్ధం. ఇంకా పట్టుకునే ఉన్నావ్."

సుచరిత నవ్వింది. "దొంగదానా. నీకెట్ల తెల్సు?"

"తెలుస్తంది. వదిలెయ్ వదినా."

"సక్కగ పట్టు మరి."

కింద ఇంకా పూడ్చని చెరువులు అద్దం ముక్కల్లా పరుచుకుని ఉన్నాయి. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత స్టిక్ తేలికైంది. ఆ రెండో చెయ్యి బరువు పోయింది.

హైమ విమానాన్ని తిన్నగా పట్టుకుంది. పట్టుకుని, ఆ చల్లటి ఉక్కులో ఆ చేతి కోసం కాసేపు వెతుక్కుంది.